అమలాపురం పాత పుస్తకాల కొట్టు – సైన్స్ చదివేవాళ్లు తప్పక వెళ్లండి
ఇక్కడ హార్వర్డ్ జీవశాస్త్రవేత్త ఇ.ఓ. విల్సన్ 1975లో రాసిన 'సోషియోబయాలజీ' (జీవుల సామాజిక ప్రవర్తనకి జీవశాస్త్ర మూలాలు వెతికే పుస్తకం) మంచి కండిషన్‌లో దొరికింది. మొత్తం 27 అధ్యాయాలు. చీమలు, తేనెటీగలు, కోతుల గురించి రాసింది చాలావరకు గట్టి సైన్సే, గొడవంతా మనుషుల ప్రవర్తనకీ పుట్టుకతో వచ్చే మూలాలు ఉన్నాయంటూ రాసిన చివరి అధ్యాయంతోనే. కులాన్నీ ఆడవాళ్ల అణచివేతనీ పుట్టుబుద్ధి అంటూ సమర్థించేవాళ్లు మన కోనసీమలో ఇప్పటికీ ఉన్నారు కాబట్టి, అదే హార్వర్డ్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు లెవొంటిన్, గూల్డ్ దీన్ని సైన్స్ కాదు, భావజాలమని ఎందుకు తప్పుబట్టారో నాకు బాగా అర్థమైంది, ఆ అధ్యాయంలో ఆధారాల కంటే ఊహలే ఎక్కువ. అయినా 1978లో నిరసనకారులు సభలో విల్సన్ తల మీద నీళ్లు పోయడం మాత్రం ముమ్మాటికీ తప్పు, అది జవాబు కాదు. షాపాయన ఓపిగ్గా వెతికిచ్చారు, బేరమూ ఆడనిచ్చారు. లోపల వెలుతురు తక్కువ, పేజీలు బయట చూసుకుని కొనండి.