ఆరేళ్లుగా వాడుతున్న 10 రెట్ల భూతద్దం

విశాఖపట్నం మాధవధారలో మా వరండా ట్యూబ్‌లైట్ చుట్టూ వానలు వెనకబట్టే రోజుల్లో దీపపు పురుగులు, అంటే మొక్కల రసం పీల్చే చిన్న గెంతుడు పురుగులు, ముసురుతాయి. వాటిని గుర్తుపట్టడానికే ఈ 10 రెట్ల మడత భూతద్దం కొన్నాను. 3 నుంచి 5 మిల్లీమీటర్ల పురుగుకి ఇది చాలు. తర్వాత 20 రెట్లది కూడా కొన్నాను కానీ వెలుతురు చాలదు, చెయ్యి కొంచెం కదిలితే పురుగు కనిపించదు.

అద్దాన్ని కంటికి ఆనించి, పురుగున్న గాజు గొట్టాన్ని దగ్గరికి తెచ్చుకోవాలి. సుమారు రెండున్నర సెంటీమీటర్ల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. గొట్టాన్ని ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెడితే పురుగు కుదురుగా ఉంటుంది, లేదంటే పీతలా పక్కకి జరిగిపోతుంది.

నేను ముందు చూసేది వెనక కాలు. దీపపు పురుగైతే కాలి పొడవునా దువ్వెన పళ్లలా ముళ్ల వరసలుంటాయి. చూడటానికి అలాగే ఉండే, నురగలో పెరిగే పురుగుకైతే ఒకటి రెండు లావు ముళ్లు, కాలి చివర ఒక గుత్తి, అంతే. తర్వాత తల. వరి పచ్చదోమలూ దీపపు పురుగులే. వాటిలో నెఫోటెటిక్స్ నైగ్రోపిక్టస్ అనే జాతికి తల ముందు అంచు వెంబడి నల్ల చార ఉంటుంది. వరికి వచ్చే టుంగ్రో అనే వైరస్ తెగులును బాగా వ్యాపింపజేసే మరో జాతి, నెఫోటెటిక్స్ వైరెసెన్స్‌కి ఉండదు. వెంట్రుకంత సన్నటి ఆ చార మొదటిసారి కనిపించిన రాత్రి అమ్మని నిద్రలేపి మరీ చూపించాను.

ఒక ఇబ్బంది, సముద్రపు గాలి. రెండో వానాకాలానికే అద్దం అంచున బూజు, మడత స్క్రూకి తుప్పు. అమ్మినవాళ్లు వారంటీ వర్తించదన్నారు. బాగుచేయించి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెడుతున్నాను. మళ్లీ రాలేదు.

రెండేళ్ల కిందట సింహాచలం కొండ దిగువన ఒక కొమ్మ మీద బెరడు రంగు పురుగు దొరికింది. సెంటీమీటరు పైనే ఉంది, తల పారలా పలచగా ముందుకి సాగి ఉంది. ఆ తలని బట్టి దీపపు పురుగుల్లోనే లెడ్రినే అనే ఉపకుటుంబం అనుకున్నాను. అరుదైనదేమోనని గుండె దడదడలాడింది. కానీ జాతి పేరు తేలాలంటే మగ పురుగు పొట్ట చివరి భాగాన్ని పొటాషియం హైడ్రాక్సైడ్‌లో శుభ్రం చేసి, లోపలి అవయవాల ఆకారం మైక్రోస్కోప్ కింద చూడాలి. ఫోటోలు, రంగులు చాలవు. నాది ఆడది. గుడ్లు పెట్టే కత్తిలాంటి భాగం ఈ అద్దంలోనే కనిపించింది. కీటకశాస్త్రం చెప్పే ఒక మాస్టారు చూసి, "దీంతో తేల్చలేం బాబూ, మగది దొరికితే పట్రా" అన్నారు.

అటు వెళ్లినప్పుడల్లా ఆ చెట్టు దగ్గర ఆగి కొమ్మకొమ్మా చూస్తున్నాను. మగది ఇంకా దొరకలేదు.