డిస్కవరీ 3 (2.7 డీజిల్): చాలా ఏళ్ళు వాడాక చెప్తున్న మాట

ల్యాండ్ రోవర్ వాళ్ళ పెద్ద ఎస్‌యూవీ డిస్కవరీ 3 సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోంది, తీసుకోవచ్చా అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. 2.7 డీజిల్ ఆటోమేటిక్ నా దగ్గర చాలా ఏళ్ళ నుంచి ఉంది, రోజూ తిరిగేది దాంట్లోనే, అందుకని ఒక్కొక్కళ్ళకి విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాసేస్తున్నా. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఈ బండికి అమ్మేవాడి చేతిలో పెట్టేది అడ్వాన్స్ మాత్రమే, మిగతా రేటు మొదటి ఏడాదిలో రిపేర్ల రూపంలో కట్టాలి. ఆ డబ్బు పక్కన పెట్టుకుని దిగితే ఇంత హాయిగా ఉండే బండి ఆ రేటుకి ఇంకోటి రాదు. ఉన్నదంతా ఊడ్చి కొనేసి తర్వాత సంగతి తర్వాత చూద్దాంలే అనుకునేవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు, గట్టిగానే చెప్తున్నా.

ఇది 2004లో వచ్చింది, 2009లో డిస్కవరీ 4 వచ్చేదాకా అమ్మారు, అమెరికాలో దీని పేరు ఎల్ఆర్3. కింద ఛాసిస్ ఫ్రేమ్, దాని మీద మళ్ళీ మోనోకాక్ (మామూలు కార్లలాగా ఒకే పెట్టెలా ఉండే) బాడీ, రెండూ కలిపి కట్టారు కాబట్టి బలానికి బలం ఉంది, బరువు మాత్రం రెండున్నర టన్నులు. 190 హార్స్‌పవర్, 440 న్యూటన్ మీటర్ల టార్క్ ఉన్నా ఆ బరువుకి అది సరిపోయిందా అంటే సరిపోయింది అంతే, ఎక్కువైతే కాదు. ఓవర్‌టేక్ చేసేటప్పుడు ముందు నుంచే లెక్క వేసుకోవాలి. మైలేజీ గురించి ఆశ పెట్టుకోకండి.

కానీ లోపల కూర్చుంటే ఇవేవీ గుర్తుకురావు. సీటు ఎత్తుగా, చుట్టూ పెద్ద పెద్ద అద్దాలు, బానెట్ ముందు మూలలు రెండూ కనిపిస్తాయి, ఇంత పెద్ద బండి అయినా ఇరుకు సందులో భయం లేకుండా తిప్పొచ్చు. మూడో వరసలో పెద్దవాళ్ళు నిజంగానే కూర్చోవచ్చు, వెనక రూఫ్ కొంచెం పైకి లేపి ఉంటుంది కదా, తల తగలదు. సీట్లన్నీ మడిస్తే వెనకంతా చదునుగా పరుపు వేసుకునేంత జాగా. గతుకుల రోడ్డు మీద ఎయిర్ సస్పెన్షన్ బండిని తీసుకుపోయే తీరు వేరు, వెనక నిద్రపోయే పిల్లలు లేవరు, నేను దీన్ని వదల్లేకపోవడానికి సగం కారణం అదే.

మిగతా సగం ఆఫ్ రోడ్. నేల తీరుని బట్టి బండి సెట్టింగులు మార్చే టెర్రైన్ రెస్పాన్స్ అనే గుండ్రటి నాబ్ మొదటిసారి ఈ బండిలోనే పెట్టారు. బురద బొమ్మ దగ్గరికి తిప్పితే చాలు, బండి తనంతట తానే దాదాపు 55 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది, యాక్సిలరేటర్ తీరు మారుతుంది, చక్రం ఊరికే తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ తీరు మారిపోతుంది, చక్రాలకి శక్తి పంచే డిఫరెన్షియల్స్‌లో ఎప్పుడు ఏది లాక్ చెయ్యాలో అదే చూసుకుంటుంది. వానకి నానిపోయిన నల్లమట్టి ఏటవాలు మీద లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేర్లు) వేసి కాలు కదపకుండా పట్టుకుంటే చక్రాలు ఒక క్షణం గిర్రున తిరిగి, టకటకమని బ్రేకులు పట్టిన చప్పుడొచ్చి, బండి నెమ్మదిగా పైకి పాకుతుంది, నేనైతే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని కూర్చుంటా అంతే. నీళ్ళలో 700 మిల్లీమీటర్ల లోతు వరకు వెళ్ళొచ్చని లెక్క ఉంది. పాత బండికి డోర్ రబ్బర్లు ఎలా ఉన్నాయో చూసుకోకుండా ఆ లెక్క నమ్మి దిగకండి.

ఇక అందరూ భయపడే సంగతి, ఎయిర్ సస్పెన్షన్. ఇందులో ఎక్కువ ఖర్చు తెలియక పెట్టేదే. స్ప్రింగుల బదులు నాలుగు మూలలా రబ్బరు గాలి సంచులు ఉంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ రబ్బరు పగుళ్ళిచ్చి సన్నగా గాలి పోతుంది, అది ఏ కంపెనీ రబ్బరుకైనా తప్పదు. అలా పోయిన గాలిని నింపడానికి కంప్రెసర్ మాటిమాటికీ తిరిగి తిరిగి అరిగిపోతుంది. అప్పుడు ఆరెంజ్ లైటు వచ్చి సస్పెన్షన్ ఫాల్ట్ అని చూపిస్తుంది, గ్యారేజీకి తీసుకెళ్తే కంప్రెసర్ మార్చేస్తారు, లీకు మాత్రం అలాగే ఉంటుంది, కొత్త కంప్రెసర్ కూడా అదే దారి పడుతుంది. నా బండికి అచ్చం ఇదే సలహా ఇచ్చారు ఒక గ్యారేజీలో, లీకు ఎక్కడుందో చూడకుండానే. వేరే మెకానిక్ స్ప్రే బాటిల్‌లో సబ్బు నీళ్ళు పోసి ఒక్కో సంచి మీదా, పైపు జాయింట్ల మీదా కొట్టుకుంటూ వచ్చాడు, ముందు కుడి వైపు స్ట్రట్ (గాలి సంచి, షాక్ అబ్సార్బర్ కలిసి ఉండే భాగం) పైన ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి పొంగుతూ కనిపించాయి. ఆ స్ట్రట్ మార్చి, కంప్రెసర్‌కి పిస్టన్ సీల్ కిట్ వేసి, గాలిలో తడి తీసేసే డ్రయ్యర్‌లో పొడైపోయిన తేమ పీల్చే గింజలు తీసేసి కొత్తవి పోస్తే అయిపోయింది. అప్పటి నుంచి ఆ లైటు రాలేదు.

కొనేముందు దీన్ని పట్టుకోవడం కూడా కష్టం కాదు. పార్క్ చేసి తాళం వేశాక కూడా ఈ బండి మధ్యమధ్యలో మేల్కొని, ఏ మూల దిగిపోతే మిగతా మూడు మూలలని దాని ఎత్తుకి దించేసుకుంటుంది. అందుకే పొద్దున చూసేవాళ్ళకి అంతా సమానంగానే కనిపిస్తుంది. అమ్మేవాళ్ళు ఒప్పుకుంటే సస్పెన్షన్ ఫ్యూజ్ తీసేసి రాత్రంతా ఉంచండి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా టేపుతో నాలుగు పక్కలా కొలిచి రాసుకోండి, పొద్దున మళ్ళీ కొలవండి. ఒప్పుకోకపోతే కనీసం కిందకి దించి పైకి లేపించండి. లేచేటప్పుడు వెనక ముందు లేవాలి, దిగేటప్పుడు ముందు భాగం ముందు దిగాలి, ఎక్కడా ఆగకూడదు. కంప్రెసర్ మరీ గట్టిగా అరుస్తూ చాలాసేపు తిరుగుతుంటే దానికి ఖర్చుందని అర్థం.

ఫాల్ట్ మెసేజీల గురించి ఇంకో ముక్క. బ్యాటరీ కొంచెం బలహీనపడితే చాలు, గేర్‌బాక్స్ ఫాల్ట్, సస్పెన్షన్ ఫాల్ట్, హిల్ డిసెంట్ (వాలు దిగేటప్పుడు వేగం పట్టే సిస్టమ్) ఫాల్ట్ అని ఒకేసారి అన్నీ వచ్చేస్తాయి. కొత్తవాళ్ళు బండి మొత్తం పోయిందని హడలిపోతారు. ముందు బ్యాటరీ, ఎర్త్ కనెక్షన్లు చూడండి, ఆ తర్వాతే మిగతావి. ఈ బండికి పనికొచ్చే చిన్న డయాగ్నస్టిక్ టూల్ ఒకటి సొంతానికి కొనుక్కోవాల్సిందే, ఇందులో మొహమాటం లేదు, ఊరికే లైటు ఆర్పించుకోవడానికి కట్టే డబ్బుతోనే అది వచ్చేస్తుంది.

ఇంజిన్ దగ్గర నేను నిక్కచ్చిగా ఉంటా. ఫోర్డ్, పీఎస్ఏ (ప్యూజో, సిట్రోయెన్ కంపెనీ) కలిసి తయారుచేసిన వీ6 ఇది, తిరుగుతుంటే చాలా మెత్తగా ఉంటుంది. కానీ బేరింగులు పట్టేసి క్రాంక్‌షాఫ్ట్ (ఇంజిన్‌లో తిరిగే ప్రధాన ఇరుసు) విరిగిన బండ్లు ఉన్నాయన్నది అందరికీ తెలిసిందే, అది జరిగితే బండి విలువ కంటే ఇంజిన్ ఖర్చే ఎక్కువ. దీనికి గ్యారంటీ మందు ఎవరి దగ్గరా లేదు, మన చేతిలో ఉన్నది మంచి ఆయిల్, అది కూడా త్వరగా మార్చడం. బ్రిటన్ సర్వీస్ షెడ్యూల్‌లో 24,000 కిలోమీటర్లకి ఒకసారి అని ఉంది, నేను 10,000 దాటనివ్వను. ఇంజిన్ ముందు వైపు వాల్వులని తిప్పే టైమింగ్ బెల్ట్‌తో పాటు వెనక వైపు ఫ్యూయల్ పంపుని తిప్పే చిన్న బెల్ట్ ఇంకోటి ఉంటుంది, చాలామంది ముందుది మార్చి వెనకది మర్చిపోతారు, బిల్లులో రెండూ రాసి ఉన్నాయా అని చూడాలి. మొదట్లో వచ్చిన బండ్లలో బెల్ట్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ బిగించే చోట ఆయిల్ పంపు కేసింగ్ బలహీనంగా ఉండేది, తర్వాత మార్చారు, కాబట్టి బెల్ట్ పనికి విప్పినప్పుడే ఆయిల్ పంపు కూడా కొత్తది వేయించేయడం తెలివైన పని.

గేర్‌బాక్స్ జెడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీ చేసిన ఆరు గేర్లది, మంచి బాక్సు. ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదని చెప్పే మాట మాత్రం వినకండి, ఆ బాక్సు చేసిన జెడ్ఎఫ్ వాళ్ళే 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటారు. ఫిల్టర్ కింద ఆయిల్ నిలిచే ప్లాస్టిక్ తొట్టి (సంప్)లోనే కలిసి ఉంటుంది కాబట్టి సంప్ మొత్తం మార్చాలి. నేను మార్పించాక రెండో గేరు నుంచి మూడోకి పడేటప్పుడు వచ్చే చిన్న కుదుపు పోయింది.

చిన్నచిన్నవి చాలా ఉన్నాయి, గబగబా చెప్పేస్తా. సన్‌రూఫ్ నీళ్ళు పోయే గొట్టాలు మూసుకుపోతే ముందు మ్యాట్ల కింద తడి చేరుతుంది, కొనేటప్పుడు కార్పెట్ చేత్తో నొక్కి చూడండి. వెనక డోర్ తెరిచే స్విచ్ నీళ్ళకి పాడవుతుంది, పార్ట్ చవకే. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ వేస్తే ఒళ్ళు జలదరించే కీచు శబ్దం వస్తోందంటే వెనక డ్రమ్ములు విప్పి శుభ్రం చేసి షూలు అడ్జస్ట్ చేయించాలి, బురదలో తిరిగేవాళ్ళు ఇది మర్చిపోకూడదు. ముందు చక్రాలని పట్టే లోయర్ ఆర్మ్‌లలోని రబ్బరు బుష్‌లు ఈ బరువుకి అరగడం మామూలే, వాటి బోల్టులు తుప్పుపట్టి పట్టేస్తే కొయ్యాల్సిందే, అందుకని లేబర్ బిల్లు చూసి మెకానిక్ మీద అరవకండి.

లేబర్ అంటే గుర్తొచ్చింది, టర్బో లాంటి పెద్ద పనులకి ఈ బండి బాడీ మొత్తాన్ని ఛాసిస్ మీద నుంచి లిఫ్ట్ మీద పైకి లేపి చేస్తారు. వినడానికి భయంగా ఉంటుంది గానీ తెలిసిన చెయ్యికి అదే సుళువు. కాబట్టి బండి వెతికే ముందు మెకానిక్‌ని వెతకండి, బాడీ లేపి పని చేస్తారా అని సూటిగా అడగండి, చెయ్యం అంటే వేరే చోట చూసుకోండి. అలాంటి మనిషి దగ్గర్లో ఎవరూ లేకపోతే ఈ బండి వద్దు.

కిలోమీటర్లు తక్కువ, పెయింట్ మెరుస్తోంది అని టెంప్ట్ అవ్వొద్దు. రెండు లక్షల కిలోమీటర్లు దాటినా ఆయిల్ బిల్లులు వరసగా, రెండు బెల్టుల బిల్లు, గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు ఉన్న బండే తీసుకోండి, ఏ బిల్లూ లేని తక్కువ తిరిగిన దానికంటే అది వంద రెట్లు నయం. ఇంట్లో ఇంకో చిన్న బండి కూడా ఉండాలి, ఎందుకంటే ఒక పార్ట్ కోసం వారాలు ఆగాల్సి రావచ్చు, ఆ టైంలో ఆఫీసు ఆగదు. పొద్దున స్టార్ట్ చేస్తే చాలు, ఇంకేం ఆలోచించకూడదు అనుకునేవాళ్ళకి టొయోటా ల్యాండ్ క్రూయిజర్ ఉంది, రేటు ఎక్కువైనా అదే తీసుకోండి. బిల్లులున్న డిస్కవరీ 3 దొరికి, మెకానిక్ ఉండి, పక్కన డబ్బు ఉన్నవాళ్ళు మాత్రం ధైర్యంగా తీసుకోండి, ఆయిల్, రెండు బెల్టులు, ఆయిల్ పంపు, గేర్‌బాక్స్ ఆయిల్, లీకు చెక్, కొత్త బ్యాటరీ, ఈ వరసలో చేయించాకే దూరప్రయాణం పెట్టుకోండి.