పీఆర్‌లో తొలి ఉద్యోగం: హైదరాబాద్ ఏజెన్సీయా, సమాచార శాఖా, ఊళ్లోని ఆసుపత్రా?

పోయిన నెల హనుమకొండలో డిగ్రీ చివరి సంవత్సరం వాళ్ల కోసం పౌర సంబంధాల (పీఆర్) వృత్తిపై ఒక సదస్సు పెట్టారు. అక్కడి నుంచి నేను ఇంటికి తెచ్చుకున్నది ఒక కాగితం. దాని మీద నా అక్షరాల కంటే ఎర్ర సిరా గీతలే ఎక్కువ. ఏ ఉద్యోగం మేలో తేల్చుకోవడానికి ముగ్గురు వక్తల ఉపన్యాసాల కంటే ఆ కాగితమే నాకు ఎక్కువ సాయపడింది.

వచ్చిన ముగ్గురిలో ఒకరు హైదరాబాద్ పీఆర్ ఏజెన్సీలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్న మేడం. ఇంకొకరు ప్రభుత్వ సమాచార శాఖలో జిల్లా పౌర సంబంధాల అధికారిగా, అంటే డీపీఆర్వోగా చేసి పదవీ విరమణ పొందిన పెద్దాయన. మూడో ఆయన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పీఆర్వో. పొద్దునంతా చరిత్ర చెప్పారు. మన దేశంలో పీఆర్ వృత్తివారి సంఘం 1958లో ఏర్పడటం, ఏప్రిల్ 21ని జాతీయ పౌర సంబంధాల దినోత్సవంగా జరుపుకోవడం, 1906లో అమెరికాలో రైలు ప్రమాదం జరిగితే ఐవీ లీ అనే ఆయన దాన్ని దాచకుండా విలేకరులకు ప్రకటన ఇచ్చి ఘటనా స్థలానికి తీసుకెళ్లడం, ఇలాంటివి. అన్నీ రాసుకున్నాను. అసలు పాఠం మాత్రం భోజనాల తర్వాత మొదలైంది.

"మీ చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, దాని మీద ప్రెస్‌నోట్ రాయండి" అన్నారు మేడం. మూడు కోణాల్లో రాయాలి. మిర్చి నుంచి రంగు తీసే కంపెనీ తరఫున ఒకటి, ప్రభుత్వ శాఖ తరఫున ఒకటి, మిర్చి కోతకు వెళ్లే కూలీలకు వైద్య శిబిరం పెట్టే ఆసుపత్రి తరఫున ఒకటి.

మాది నర్సంపేట వైపు ఊరు. నాన్న మిర్చి రైతు. చపాటకు కారం తక్కువ, రంగు ఎక్కువ అని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పది నిమిషాల్లో మొదటి నోట్ రాసేశాను. కాకతీయుల ఓరుగల్లు ఘనతతో మొదలుపెట్టాను. మేడం మొదటి మూడు పేరాలూ కొట్టేసి, నాలుగో పేరాలో ఒక వాక్యం చుట్టూ గీత గీశారు. "ఈ పేరు పెట్టుకుని అమ్ముకునే హక్కు ఇకపై ఈ ప్రాంతంలో నమోదైన రైతులకు, వ్యాపారులకే ఉంటుంది" అన్న వాక్యం అది. "అసలు వార్త ఇది. దీన్ని అడుగున ఎందుకు దాచావమ్మా?" అని అడిగారు. నాకు చాలా సిగ్గుగా అనిపించింది. రైతు బిడ్డనై ఉండి రైతుకు కావలసిన మాటను చివరికి నెట్టాను.

ఏజెన్సీ గురించి నాకున్న అనుమానం సగం అక్కడే తీరింది. ఏజెన్సీలో ఒకరికి నలుగురైదుగురు క్లయింట్లు, అంటే పని అప్పగించే సంస్థలు ఉంటాయి. పొద్దున ఆభరణాల దుకాణం, మధ్యాహ్నం విత్తన కంపెనీ, సాయంత్రం కళాశాల. నోట్ రాయాలి, పత్రికల డెస్కులకు ఫోన్ చేయాలి, వార్త వచ్చిందో లేదో చూడాలి, మర్నాడు క్లిప్పింగులు కత్తిరించి పంపాలి. అంత స్థలంలో ప్రకటన వేయిస్తే ఎంత ఖర్చయ్యేదో లెక్కగట్టి, వార్త విలువ అంత అని క్లయింట్‌కు చూపే పద్ధతి ఇంకా నడుస్తూనే ఉందట. 2010లో బార్సిలోనాలో ఈ రంగం వాళ్లే సమావేశమై ఆ లెక్క పీఆర్ విలువను చెప్పదని తేల్చినా, క్లయింట్లు అడగడం మానలేదని మేడం ఒప్పుకున్నారు. పేపర్లో కనబడిన స్థలాన్ని కొలిస్తే, చదివినవాళ్లకు ఏం అర్థమైందో ఎలా తెలుస్తుంది? ఆ లెక్కలు కట్టే పని నాకు నచ్చదు.

డబ్బు సంగతి మా సీనియర్ అక్క ఒకరు ముందే చెప్పింది. మొదటి ఏడాది జీతం హాస్టలుకు, బస్సులకు, తిండికి పోగా ఇంటికి పంపడానికి మిగల్లేదట. రాత్రి పదింటికి కూడా ఫోన్ వస్తుంది. అయినా ఏజెన్సీ వైపు మొగ్గడానికి నాకొక బలమైన కారణం దొరికింది. చాలా నోట్లు ముందు ఇంగ్లీషులో తయారై, తర్వాత తెలుగులోకి వస్తాయి. ఆ తెలుగును డెస్కులో మళ్లీ తిరగరాసుకోవాల్సి వస్తుంది. నేరుగా తెలుగులో ఆలోచించి రాసేవాళ్లు దొరకడం కష్టంగా ఉందని మేడం అన్నారు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివినందుకు ఇన్నాళ్లూ వెనకపడ్డాననే అనుకున్నాను. అది కలిసివచ్చే చోటు ఒకటుందని మొదటిసారి విన్నాను.

రెండో నోట్ డీపీఆర్వోగా చేసిన పెద్దాయన దిద్దారు. ఆయన వేసిన ప్రశ్న వేరు. "రైతు ఎక్కడ నమోదు చేసుకోవాలి? ఏ కాగితాలు పట్టుకెళ్లాలి? గుర్తింపు వచ్చినంత మాత్రాన ధరకు హామీ ఉండదని రాశావా?" నేను రాయలేదు. "ఆ ఒక్క మాట లేకపోతే రేపు మార్కెట్లో రైతులు అధికారులతో గొడవపడతారు" అన్నారు.

ఆ మాట విన్నప్పుడు నాకు నాన్న గుర్తొచ్చారు. కొన్నేళ్ల కిందట ఒక మార్కెట్ యార్డుకు సరుకు తీసుకెళ్తే, ఆ రోజు కొనుగోళ్లు లేవని గేటు దగ్గర చెప్పారు. సెలవు సంగతి ముందే నిర్ణయించారు, కానీ ఊళ్లకు చేరలేదు. రెండు రాత్రులు బస్తాల మీదే పడుకుని వచ్చారు. ఒక్క సమాచారం సమయానికి అందకపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. అందుకే పని విలువను బట్టి చూస్తే సమాచార పౌర సంబంధాల శాఖకే నా ఓటు. మేడారం జాతర రోజుల గురించి పెద్దాయన చెబుతుంటే హాలంతా నిశ్శబ్దంగా విన్నది. ఏ దారి మూశారు, ఏ దారి తెరిచారు, బస్సులు ఎక్కడ ఆగుతున్నాయి అన్న మాట గంట ఆలస్యమైతే వేలమంది దారిలో ఇరుక్కుంటారు.

ఇంకో సంగతి నాకు కొత్త. ప్రభుత్వం మాటను జనానికి చేర్చడంతోనే డీపీఆర్వో పని అయిపోదట. జిల్లా పేజీల్లో వచ్చిన ఫిర్యాదులను, వ్యతిరేక వార్తలను రోజూ పొద్దున కత్తిరించి కలెక్టర్ ముందు పెట్టడం కూడా ఆయన పనే. ఫలానా తండాలో నీళ్లు రావడం లేదన్న వార్త ఆ బల్ల మీదికి వెళితే సంబంధిత శాఖ వివరణ ఇవ్వాలి. జనం మాట పైకి వెళ్లే ఈ దారిని ఎవరూ గొప్పగా చెప్పుకోరు, నాకు మాత్రం ఉద్యోగం మొత్తంలో ఇదే నచ్చింది.

మరి నేరుగా అటే ఎందుకు వెళ్లకూడదు? పోస్టులు తక్కువ, నోటిఫికేషన్లు అరుదు. జర్నలిజం చదువూ అడుగుతారు. "ఎదురుచూస్తూ ఖాళీగా కూర్చోవద్దు, రాస్తూ ఎదురుచూడండి" అని ఆయనే హెచ్చరించారు. హనుమకొండలో గదులు తీసుకుని ఏళ్ల తరబడి నోటిఫికేషన్ కోసం చూసిన అన్నలు, అక్కలు మాకందరికీ తెలుసు.

ఆసుపత్రి ఉద్యోగానికి వస్తే, ఇంటి నుంచి రోజూ వెళ్లిరావచ్చు, అమ్మ చేతి వంట తినవచ్చు. చాలామంది అమ్మాయిలను ఇళ్లలో ఒప్పించడానికి ఇదొక్కటే దారి, దాన్ని తేలిక చేసి మాట్లాడను. కానీ చిన్న ఊళ్ల ఆసుపత్రుల్లో పీఆర్వో అంటే చాలాచోట్ల పని వేరు అని ఆ వక్త నిజాయితీగా చెప్పారు. ఊళ్లు తిరిగి అక్కడి వైద్యం చేసేవాళ్లతో పరిచయాలు పెంచుకుని రోగులను రప్పించాలి, బిల్లు దగ్గర గొడవైతే సర్దిచెప్పాలి. దీన్ని పౌర సంబంధాలు అనడానికి నాకు మనసొప్పలేదు.

ఆయన్ని ఒక ప్రశ్న అడిగాను. 1982లో అమెరికాలో టైలినాల్ అనే నొప్పి మాత్రల్లో ఎవరో విషం కలిపితే ఏడుగురు చనిపోయారు. తయారీ కంపెనీ దాదాపు 3.1 కోట్ల సీసాలను వెనక్కి రప్పించింది, జనానికి వాడొద్దని చెప్పింది. "మీ దగ్గర పొరపాటు జరిగితే బయటికి చెబుదామని యజమానితో మీరు అనగలరా?" ఆయన కాసేపు ఆలోచించి, "అంటాను, కానీ వినేంత దగ్గరగా నా కుర్చీ లేదమ్మా" అన్నారు. అంత నిజం చెప్పినందుకు ఆయనంటే గౌరవం పెరిగింది. ఆ కుర్చీ మీద ఆశ మాత్రం పోయింది. పైగా అక్కడ పీఆర్ తెలిసినవారు ఒక్కరే ఉంటారు, మన నోట్ తప్పయితే తప్పని చెప్పేవారు ఉండరు. నా మూడో నోట్‌ను ఆయన "బాగుందమ్మా" అని అలాగే తిరిగిచ్చారు. అది బాగాలేదని నాకే తెలుసు. కోతకు వెళ్లే వాళ్ల చేతుల మంట గురించి అందులో ఒక్క ముక్క లేదు, డాక్టర్ల డిగ్రీలు మాత్రం వరసగా ఉన్నాయి.

నాలాంటివాళ్లకు నా లెక్క ఇది. తొలి రెండేళ్లు ఏజెన్సీ, అదీ తెలుగు నోట్లు దిద్దే సీనియర్ ఉన్న ఏజెన్సీ. ఇంటర్వ్యూలో జీతం కంటే ముందు "నేను రాసింది ఎవరు చూస్తారు?" అని అడగాలి. ఆ రెండేళ్లలో దూరవిద్యలోనైనా జర్నలిజం పూర్తిచేసి, నోటిఫికేషన్ వచ్చిన రోజున సమాచార శాఖకు దరఖాస్తు పెట్టాలి. ఊరు వదలడానికి వీల్లేనివాళ్లు ఆసుపత్రిలో చేరితే, ప్రతి నోట్‌నూ తెలిసిన విలేకరికో, పాఠాలు చెప్పిన మాస్టారికో చూపించి దిద్దించుకోవాలి.

మూడో నోట్ ఈ ఆదివారం మళ్లీ రాస్తున్నాను. ముందు పెద్దమ్మ దగ్గర కూర్చుని, కాయ కోసిన రాత్రి చేతులకు ఏం రాసుకుంటారో అడిగి తెలుసుకోవాలి. రాశాక నాన్నకు చదివి వినిపిస్తాను, ఆయనకు అర్థంకాని మాటలు కొట్టేస్తాను.