కాలువలకు నీళ్ళు ఆపకముందే వెళ్ళవలసిన తెరచాప ప్రయాణం

గోదావరి డెల్టాలో వేసవి తెరచాప పడవ ప్రయాణానికి డబ్బు కట్టదలచినవారు ముందుగా ఆ ఏడాది కాలువలు ఎప్పుడు కడుతున్నారో, అంటే నీళ్ళు ఎప్పుడు ఆపేస్తున్నారో కనుక్కోవాలి. ధర సంగతి ఆ తరువాత. దాళ్వా, అంటే రబీ వరి, కోతలకు వచ్చే వేళకు, సాధారణంగా ఏప్రిల్‌లో, మరమ్మతుల కోసం డెల్టా కాలువలకు నీళ్ళు ఆపేసి, మళ్ళీ సార్వాకు, అంటే ఖరీఫ్ వరికి, జూన్‌లో వదులుతారు. ఆ మధ్యకాలంలో కాలువలో పడవ తిరిగేంత నీరు ఉండదు. మేము, అంటే మా అమ్మగారు, మా అబ్బాయి, నేను, ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళాము కాబట్టి నిండు కాలువను చూడగలిగాము. రెండు పగళ్ళు, ఒక రాత్రి. మనిషికి 4,500 రూపాయలు. నాకు కొన్ని ఫిర్యాదులు ఉన్నందువల్ల నిర్వాహకుల పేరు రాయడం లేదు.

మొదటి రోజు ఉదయం బొబ్బర్లంక దిగువన కాలువలో పడవ ఎక్కించారు. అడుగు చదునుగా ఉన్న కొయ్య పడవ, ఎనిమిది మందికి చోటు, మధ్యలో వెదురు చాపల నీడ. తెరచాప ప్రయాణం అని పేరే గానీ, ఆ పూట తెరచాప ఎత్తింది అరగంటకు మించదు. కాలువ మీద వంతెనలు చాలా తక్కువ ఎత్తులో ఉంటాయి. ప్రతి వంతెనకూ ముందే తెరచాప దించి, దాన్ని నిలిపే కొయ్యను మొదలు దగ్గర మేకు తీసి వెనక్కు పడుకోబెట్టాలి. ఆ పని ఇద్దరు కళాసీలు ఎంత ఒడుపుగా చేశారంటే, మూడో వంతెన దగ్గరకు వచ్చేసరికి మా అబ్బాయి కూడా తాడు అందుకుని నిలబడ్డాడు. మిగతా దారంతా నీటి వాలుకు, గెడ ఊతంతో సాగింది. గట్ల మీద కొబ్బరి చెట్లు, రేవుల్లో బట్టలుతికే ఆడవాళ్ళు, తూటికాడ పొదల్లో లకుముకి పిట్టలు. ఆత్రేయపురం దగ్గర మాత్రం గుర్రపుడెక్క కాలువకు అడ్డంగా పేరుకుపోయి, దాన్ని గెడలతో పక్కకు తోసుకుంటూ నూరు గజాలు దాటడానికి ముప్పావు గంట పట్టింది. అది నిర్వాహకుల తప్పు కాదు గానీ, ముందురోజు ఒక మనిషిని పంపి చూసుకుని ఉంటే బాగుండేది.

నా అసలు ఫిర్యాదు లొల్ల లాకుల దగ్గర మొదలైంది. వారి కరపత్రంలో ‘లాకుల గుండా పడవ ప్రయాణం’ అని పెద్ద అక్షరాలతో ఉన్నది. నేను డబ్బు కట్టింది ముఖ్యంగా దానికోసమే. కాలువ మట్టం ఒక్కసారిగా దిగే చోట రెండు జతల తలుపుల మధ్య పడవను నిలిపి, నీటిని కొద్దికొద్దిగా వదిలి, పడవను కింది మట్టానికి దించడమే లాకు పని. 1847లో మొదలుపెట్టి 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్టను పూర్తిచేసిన కాటన్ దొర ఈ కాలువలను పొలాలకు నీరు పారించడానికే గాక పడవలు నడవడానికి కూడా ఉద్దేశించాడు. మా అమ్మగారు చిన్నతనంలో పెళ్ళిళ్ళకు ఈ దారినే పడవలో వెళ్ళేవారట. గాలి లేనప్పుడు ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారని దారిపొడవునా చెబుతూనే ఉన్నారు. తీరా లొల్లలో మమ్మల్ని దించి, లాకులు చూపించి, వ్యాన్ ఎక్కించారు. పడవల కోసం ఆ తలుపులు తెరిచి చాలా ఏళ్ళయిందని పెద్ద కళాసీ నిజాయితీగా చెప్పాడు. ఆ మాట కరపత్రంలోనే ఉండవలసింది. లాకు గోడ మీద చెయ్యి ఆనించి అమ్మ కాసేపు మౌనంగా నిలబడిపోవడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

వ్యాన్‌లో ముక్తేశ్వరం రేవుకు చేరి గోదావరి పాయ అయిన గౌతమి మీద రెండో పడవ ఎక్కాక మాత్రం, ఇచ్చిన డబ్బుకు పూర్తి విలువ దక్కింది. వేసవిలో ధవళేశ్వరం బ్యారేజీ వెనుక నిలిచిన నీరు ఎక్కువగా కాలువలకే పోతుంది గనుక దిగువన నది సన్నబడి, ఇసుక మేటలు బయటపడి, వాలు దాదాపు తెలియకుండా ఉంటుంది. అందువల్ల ఇక్కడ పడవను నడిపేది గాలి ఒక్కటే. గౌతమి ధవళేశ్వరం నుంచి యానాం వైపు ఆగ్నేయంగా సాగుతుంది. మధ్యాహ్నం నేల కాగిన తరువాత సముద్రపు గాలి సరిగ్గా ఆ దిక్కు నుంచే ఎదురొస్తుంది. అంటే సాయంత్రం నదికి ఎగువకు పోవాలి, తెల్లవారి దిగువకు రావాలి. ఈ లెక్క తెలిసినవారే ఈ ప్రయాణం పెట్టగలరు, వీరికి తెలుసు. సాయంత్రం నాలుగయినా ఆకు కదలకపోవడంతో నేను కంగారు పడుతుంటే, చుక్కాని దగ్గర కూర్చున్న తాత నీళ్ళ వైపు చూపించి, “అదిగోనండి, నీటి మీద నలుపు చూడండి, వచ్చేత్తందండి” అన్నాడు. దూరాన నీటి మీద ఒక ముదురు చార మా వైపు జరిగివస్తున్నది. అది పడవను తాకిన క్షణాన, అతుకులు వేసిన ఆ నూలు తెరచాప ఒక్కసారి చటుక్కున నిండి, తాడు బిగుసుకుని, పడవ మునివేళ్ళ మీద లేచినట్టుగా కదిలింది. ఇంజను చప్పుడు లేదు. ముక్కు కింద నీరు చీలే చప్పుడు తప్ప రెండు గంటలపాటు మరేమీ వినబడలేదు.

నిర్వాహకులు ‘అడవి దీవులు’ అన్న లంకల్లో చాలావాటిలో అరటి, కూరగాయలు, పొగాకు పండుతాయి. మేము బస చేసిన చిన్న లంక ఒక్కటే ఎండు రెల్లుతో, తుమ్మలతో నిర్జనంగా ఉన్నది. పక్క లంక నుంచి తాటి ముంజలు తెచ్చిన రైతు 1986 వరదలో తన తాతల నాటి భూమి ఎక్కడి వరకు కోసుకుపోయిందో, ఇప్పుడు నీరున్న చోటుకు చెయ్యి చాపి చూపించాడు. రాత్రి భోజనం మామిడికాయ పప్పు, కొర్రమీను పులుసు. ఉదయం చద్దన్నం, ఆవకాయ. ఇసుక మీద గుడారాలు, చుట్టూ నక్కల కూతలు. మరుగుదొడ్డి పేరుతో కట్టిన పరదా మాత్రం పెద్దవయసువారికి ఏ మాత్రం అనువుగా లేదు. మా అమ్మగారు రాత్రంతా మంచినీళ్ళు తాగడానికే వెనుకాడారు. ముందు వచ్చినవారు వదిలేసిన ప్లాస్టిక్ సీసాలు రెల్లు మొదట్లో కనబడ్డాయి. వాటిని ఏరించడం నిర్వాహకుల బాధ్యత.

రక్షణ విషయంలో వంక పెట్టలేను. 2019 సెప్టెంబరులో కచ్చులూరు వద్ద జరిగిన లాంచీ ప్రమాదాన్ని ఈ ప్రాంతంలో ఎవరూ మరచిపోలేదు. లైఫ్ జాకెట్ పట్టీలు బిగించనిదే తాత తాడు విప్పలేదు. మోకాలి లోతు నీటిలో కూడా తీయనివ్వలేదు.

కాలువ వద్దనుకుని నది మీది భాగం మాత్రమే కావాలంటే మే చివరి వరకు దొరుకుతుందని చెప్పారు. ఎగువన వానలు పడి ఎర్రనీరు దిగితే తాత తెరచాప చుట్టి ఇంట్లో పెట్టేస్తాడు. పెద్దవారిని తీసుకువెళ్ళేవారు రాత్రి బస వదులుకుని, మధ్యాహ్నం మూడింటికి ముక్తేశ్వరం రేవులో ఎక్కి చీకటి పడేలోగా ఎగువ రేవులో దిగే ఏర్పాటు అడగండి. మేము అడిగినప్పుడు వారు ఒప్పుకున్నారు. వచ్చే ఏడాది అమ్మను అలాగే తీసుకువెళతాను.