మ్యాటర్‌తో రెండేళ్ల కాపురం: స్విచ్‌లకు కొనండి, మిగతావాటికి ఆగండి

ముందే చెప్పేస్తాను. కొత్తగా స్మార్ట్ స్విచ్‌లో, ప్లగ్గులో కొంటుంటే డబ్బా మీద మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేయడానికి పెట్టుకున్న ఉమ్మడి స్టాండర్డ్) గుర్తు ఉన్నవే కొనండి. ఇంట్లో ఇప్పటికే బాగా పనిచేస్తున్నవాటిని మాత్రం మ్యాటర్ కోసం పీకి పారేయకండి. రెండేళ్లకు పైగా వాడాక నాకు తేలింది ఇదే. ఇంకో మాట: ఇంట్లో వైరింగు, రౌటరు సరిగ్గా లేకపోతే ఏ స్టాండర్డూ మిమ్మల్ని కాపాడదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఒక్కో కంపెనీకి ఒక్కో యాప్, ఒక్కో అకౌంటు అనే గోల తగ్గించడానికి 2019 డిసెంబరులో అమెజాన్, యాపిల్, గూగుల్, అప్పటి జిగ్‌బీ అలయన్స్ అనే కంపెనీల కూటమి ఒక ఉమ్మడి స్టాండర్డ్ కోసం చేతులు కలిపాయి. 2021లో ఆ స్టాండర్డుకి మ్యాటర్ అని పేరు పెట్టారు, 2022 అక్టోబరులో మొదటి వెర్షన్ విడుదల చేశారు. పరికరం వైఫై మీదో, ఈథర్నెట్ కేబుల్ మీదో, థ్రెడ్ అనే చిన్న రేడియో మీదో మాట్లాడుతుంది. తొలిసారి జత చేసేటప్పుడు ఎక్కువగా బ్లూటూత్ వాడుతుంది. జత అయ్యాక లైటు వెయ్యమన్న ఆదేశం ఏ దేశంలోనో ఉన్న సర్వరుకి వెళ్లి రానక్కర్లేదు, ఇంట్లోనే తిరుగుతుంది.

మాది మియాపూర్‌లో పాత అపార్ట్‌మెంటు. నాది ఆండ్రాయిడ్, మా ఆవిడది ఐఫోన్. అమ్మకి ఫోను నొక్కడం కంటే స్పీకరుకి చెప్పడమే తేలిక. హాల్లో గూగుల్ స్పీకరు నెస్ట్ మినీ, పడకగదిలో యాపిల్ స్పీకరు హోమ్‌పాడ్ మినీ ఉన్నాయి. ఒకే ఇంట్లో ఇన్ని రకాలు ఉన్నవాళ్లకే మ్యాటర్ అసలు ఉపయోగం. ఇంట్లో అందరివీ ఒకే కంపెనీ ఫోన్లయి, ఆ కంపెనీ పరికరాలతోనే బండి నడుస్తుంటే మీకు దీనివల్ల పెద్ద తేడా తెలియదు.

ఇంతకు ముందు స్విచ్‌లన్నీ వాటి కంపెనీ యాప్‌లో, నా అకౌంటులో ఉండేవి. మా ఆవిడ ఫోన్‌లో ఆ యాప్ ఎప్పుడు లాగౌట్ అయితే అప్పుడు ఓటీపీ నా ఫోన్‌కి వచ్చేది. నేను మీటింగులో ఉంటే ఇంట్లో గీజర్ ఆగదు. ఇప్పుడు ఆ పరికరాన్నే గూగుల్ హోమ్‌లోనూ, యాపిల్ హోమ్‌లోనూ విడివిడిగా చేర్చాం. ముందు ఒకదాంట్లో జత చేసి, సెట్టింగుల్లోకి వెళ్లి మరో యాప్‌కి ఇవ్వమంటే 11 అంకెల కోడ్ వస్తుంది. అది కొన్ని నిమిషాలే పనిచేస్తుంది. ఈలోగా రెండో ఫోన్‌లో కొట్టాలి. ఇలా ఒక పరికరం కనీసం ఐదు వ్యవస్థల్లో ఉండగలగాలని స్టాండర్డే చెబుతోంది.

పంచుకోవడం అంతవరకే. పేర్లు, గదులు, ఆటోమేషన్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి పోవు. "పూజగది లైటు" అని అక్కడా కొట్టాలి, ఇక్కడా కొట్టాలి. సాయంత్రం బాల్కనీ లైటు వెలగాలని నేను ఒక యాప్‌లో రాస్తే, అదే లైటు తొమ్మిదింటికే ఆరాలని మా ఆవిడ ఇంకో యాప్‌లో రాసింది. దేనికది తన పని చేసుకుపోయేది. లైటు ఎందుకు ఆరిందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. చివరికి ఆటోమేషన్లన్నీ ఒక్క చోటే రాయాలి, రెండో యాప్ ఆన్, ఆఫ్‌కే అని ఇంట్లో ఒప్పందం చేసుకున్నాం. మీరు మొదటి రోజే చేసుకోండి.

ఇంటర్నెట్ లేనప్పటి సంగతి. మా వీధిలో పైపుల కోసం తవ్వినప్పుడల్లా ఫైబర్ తెగుతుంది. అలా తెగిన రోజు ఐఫోన్‌లో హోమ్ యాప్ నుంచి స్విచ్‌లు ఎప్పటిలాగే పనిచేశాయి. నెస్ట్ మినీ మాత్రం మూగబోయింది. స్విచ్ ఇంట్లోనే మాట్లాడుతున్నా, అమ్మ మాటను అర్థం చేసుకునే పని ఇంకా సర్వర్లదే. "ఇంత ఖర్చుపెట్టి తెచ్చారు, చెబితే పలకదే" అంది. ఏం చెప్పను?

అయినా ఈ ఇంట్లోనే తిరిగే గుణాన్ని నేను తేలిగ్గా తీసుకోను. నెస్ట్ కంపెనీ చేతికి వచ్చిన రివాల్వ్ అనే హబ్‌ని (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ కలిపి నడిపే డబ్బా) 2016 మేలో సర్వరు మూసేసి నిరుపయోగం చేశారు. 2022 ఏప్రిల్‌లో అమెరికాలోనే ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ హోమ్ కంపెనీ సర్వర్లు ముందస్తు మాట లేకుండా ఆగిపోయాయి. స్మార్ట్ సామాను అమ్మే చిన్న బ్రాండ్లు మన దగ్గర ఎన్ని పుట్టాయో, ఎన్ని ఆన్‌లైన్ పేజీల నుంచి మాయమయ్యాయో చూస్తూనే ఉన్నాం. మ్యాటర్ పరికరమైతే కంపెనీ మూతపడినా కనీసం స్విచ్ స్విచ్‌లా పనిచేస్తుంది. అప్‌డేట్లు రావు, అది వేరే విషయం.

ఇక మన ఇళ్లకు అసలు పరీక్ష కరెంటు, వైరింగు. విదేశాల్లో రాసిన సమీక్షల్లో ఈ గొడవ పెద్దగా కనిపించదు.

బల్బులు కొనకండి. కొన్నా ఒకటి రెండు అలంకారానికి. మన ఇంట్లో ఎవరైనా గదిలోంచి బయటికొస్తూ గోడ మీద స్విచ్ ఆపేస్తారు, ఆపాలనే నేర్పి పెంచారు. గోడ స్విచ్ ఆపేస్తే స్మార్ట్ బల్బుకి ప్రాణం ఉండదు, యాప్‌లో "స్పందించడం లేదు" అని వస్తుంది. పైగా కరెంటు పోయి వచ్చినప్పుడు ఏ స్థితిలో లేవాలో అమర్చకపోతే బల్బు పూర్తి వెలుగుతో లేస్తుంది. అర్ధరాత్రి రెండింటికి పడకగదంతా పట్టపగలైతే ఎలా ఉంటుందో మేం చూశాం. ఆ అమరికకు మ్యాటర్‌లో చోటుంది, కానీ నేను వాడిన యాప్‌లలో కనపడలేదు. బల్బు కంపెనీ సొంత యాప్‌లోనే మార్చాల్సి వచ్చింది.

అందుకే స్విచ్‌బోర్డు వెనక పెట్టే చిన్న స్మార్ట్ మాడ్యూలే మనకు సరైనది. పాత స్విచ్ అలాగే ఉంటుంది, చేత్తో నొక్కినా పనిచేస్తుంది, ఫోనుతోనూ పనిచేస్తుంది. పనమ్మాయికీ, చుట్టాలకీ పాఠం చెప్పక్కర్లేదు. వీటికి న్యూట్రల్ వైరు కావాలి. పాత ఇళ్లలో అన్ని బోర్డులకూ న్యూట్రల్ తెచ్చి ఉండరు. ఒక గుర్తు చెబుతాను: స్విచ్‌లతో పాటు ప్లగ్ సాకెట్ కూడా ఉన్న బోర్డయితే న్యూట్రల్ ఉన్నట్టే, సాకెట్‌కి అది కావాలి కాబట్టి. మంచం పక్కన, మెట్ల దగ్గర ఉండే టూ-వే స్విచ్ బోర్డుల్లోనే ఎక్కువగా దొరకదు. కొత్త ఇల్లు కట్టిస్తున్నవాళ్లు ప్రతి బోర్డుకీ న్యూట్రల్ లాగించమని, కాస్త లోతైన బాక్సు పెట్టమని ఎలక్ట్రీషియన్‌కి ఇప్పుడే చెప్పండి. ఆ ఖర్చు తర్వాత గోడ కొట్టే ఖర్చు ముందు ఏపాటిది?

ఇంకో చిన్న విషయం, చాలా ముఖ్యం. జత చేసే క్యూఆర్ కోడ్ స్టిక్కరు మాడ్యూలు ఒంటి మీదే ఉంటుంది. అది గోడలోకి వెళ్లిపోయి, పైన ప్లేటు బిగిస్తే మళ్లీ కనపడదు. మా ఎలక్ట్రీషియన్ మాడ్యూలు చేతిలో పట్టుకుని "సార్, ఈ స్టిక్కర్ పీకెయ్యనా, వైరుకు అడ్డమొస్తుంది" అన్నాడు. ముందే ఫోటో తీసి, కింద ఏ గది, ఏ స్విచ్ అని రాసిపెట్టుకున్నాం కాబట్టి సరిపోయింది. తర్వాత ఒక మాడ్యూలు రీసెట్ చేయాల్సి వచ్చినప్పుడు ఆ ఫోటోనే దిక్కయింది. డబ్బాలో అదనపు స్టిక్కరు ఇచ్చే కంపెనీలు ఉన్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి.

మన గోడల్లో స్విచ్‌బోర్డు బాక్సులు చాలావరకు ఇనుప రేకువి. దాని లోపల కూర్చున్న మాడ్యూలుకి వైఫై అందడం కష్టమే. వంటింటి బోర్డు మాకు అదే తిప్పలు పెట్టింది. రౌటర్ని హాలు మూల నుంచి నడవాలోకి మార్చాక కుదుటపడింది.

రౌటరు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే మ్యాటర్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి దాని తప్పే అనిపిస్తుంది నాకు. ఈ పరికరాలు ఇంటి లోపల ఐపీవీ6 అనే కొత్త తరం నెట్‌వర్క్ చిరునామాలతో ఒకదాన్నొకటి వెతుక్కుంటాయి. నెట్ కంపెనీ మీకు ఐపీవీ6 ఇవ్వకపోయినా నష్టం లేదు, ఇంటి లోపల ఆ మాటలు అడ్డం లేకుండా తిరిగితే చాలు. కనెక్షన్‌తో ఉచితంగా ఇచ్చే కొన్ని డబ్బాల్లో ఒక పరికరం ఇంకోదాన్ని చూడకుండా అడ్డుకునే ఐసోలేషన్ ఆన్ చేసి ఉంటుంది. గెస్ట్ వైఫైలో అయితే దాదాపు ఎప్పుడూ ఉంటుంది. ఫోను గెస్ట్ వైఫైలో ఉండి స్విచ్ అసలు వైఫైలో ఉంటే జత కానే కాదు. ఈ స్విచ్‌లలో ఎక్కువ 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే పట్టుకుంటాయి. జత చేసేటప్పుడు మొరాయిస్తే కాసేపు 5 గిగాహెర్ట్జ్ ఆపి చూడండి.

కరెంటు పోయి వచ్చినప్పుడు మాడ్యూళ్లు క్షణాల్లో లేస్తాయి, రౌటరు తీరిగ్గా లేస్తుంది. ఆ కాసేపు వెతుక్కుని వెతుక్కుని ఒకటి రెండు అలాగే ఉండిపోయేవి. రౌటరుకీ, ఫైబర్ డబ్బాకీ కలిపి ఒక 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టాం. ఆ తర్వాత ఆ బాధ దాదాపు పోయింది. మొత్తం సరంజామాలో నేను పెట్టిన అతి తక్కువ ఖర్చు, అతి ఎక్కువ లాభం అదే.

థ్రెడ్ సంగతికి వద్దాం. బ్యాటరీతో నడిచే తలుపు సెన్సర్లకి, కదలిక సెన్సర్లకి ఇది బాగుంటుంది. వైఫై అయితే బ్యాటరీ తాగేస్తుంది, థ్రెడ్ పొదుపుగా వాడుతుంది. కానీ థ్రెడ్ పరికరం సొంతంగా మీ వైఫైలోకి రాలేదు, మధ్యలో బోర్డర్ రౌటర్ కావాలి. హోమ్‌పాడ్ మినీలో, రెండో తరం నెస్ట్ హబ్‌లో, నాలుగో తరం అమెజాన్ ఎకో స్పీకరులో ఆ రేడియో ఉంది. మా హాల్లో ఉన్న నెస్ట్ మినీలో లేదు. మ్యాటర్ గుర్తు చూసి థ్రెడ్ సెన్సర్ కొనేసి, ఇంట్లో చిన్న స్పీకరు ఒక్కటే ఉంటే అది డబ్బాలోనే ఉంటుంది. డబ్బా మీద మ్యాటర్ గుర్తు పక్కన వైఫై అని ఉందో, థ్రెడ్ అని ఉందో చూసి కొనండి. మా సెన్సర్ హోమ్‌పాడ్ పుణ్యమా అని నడుస్తోంది. దేవుడి దయవల్ల బ్యాటరీ కూడా త్వరగా మార్చాల్సిన పని పడలేదు.

అమెరికా నుంచి సామాను తెప్పించుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. డాలస్‌లో ఉండే మా బావ వచ్చేటప్పుడు "అక్కడ సేల్‌లో చవగ్గా ఉన్నాయి, ఏమేం తేను?" అని అడిగాడు. బ్యాటరీ సెన్సర్లు తెమ్మన్నాను. థ్రెడ్ 2.4 గిగాహెర్ట్జ్ మీద నడుస్తుంది, అది అక్కడా ఇక్కడా ఒకటే. గోడ స్విచ్‌లు, ప్లగ్గులు వద్దన్నాను. అవి 120 వోల్టులకు చేసినవి, మన దగ్గర 230. మన బాక్సుల్లో పట్టవు కూడా. జెడ్-వేవ్ (స్మార్ట్ పరికరాలు వాడే ఇంకో రకం రేడియో) అన్న పేరుంటే అసలు ముట్టుకోవద్దన్నాను. అమెరికాలో దాని ఫ్రీక్వెన్సీ 908 మెగాహెర్ట్జ్ దగ్గర, మన దేశంలో 865 దగ్గర. అక్కడిది ఇక్కడ మాట్లాడదు. "అరే, అవే సగం ధరకు ఉన్నాయిరా" అని నిట్టూర్చాడు బావ.

గీజర్ ప్లగ్ నాకు బాగా నచ్చిన వస్తువు. 2 కిలోవాట్ల గీజర్ గంట నడిస్తే రెండు యూనిట్లు. మరిచిపోతే బిల్లులో తెలుస్తుంది. 16 ఆంపియర్ల ప్లగ్గే తీసుకోవాలి, 6 ఆంపియర్లది గీజర్‌కి పెడితే కాలిపోతుంది. విద్యుత్ వాడకం చూపించే ఏర్పాటు మ్యాటర్‌లోకి 2024 మేలో వచ్చిన 1.3 వెర్షన్‌తో చేరింది. స్టాండర్డులో చేరగానే మన ఫోన్‌లో కనపడుతుందనుకోవద్దు. ముందు పరికరం కంపెనీ అప్‌డేట్ ఇవ్వాలి, ఆ తర్వాత యాప్ దాన్ని చూపించాలి. మా ప్లగ్ యూనిట్లు చాలాకాలం దాని సొంత యాప్‌లో మాత్రమే కనపడ్డాయి. మ్యాటర్‌తో నాకున్న పెద్ద అసంతృప్తి ఇదే. కాగితం మీద ఎప్పుడో ఉంటుంది, చేతికి మాత్రం ఆలస్యంగా వస్తుంది. కాబట్టి "త్వరలో అప్‌డేట్ వస్తుంది" అన్న మాట నమ్మి ఏదీ కొనకండి, ఈ రోజు ఏం చేస్తుందో దానికే డబ్బు పెట్టండి. కంపెనీ యాప్ పూర్తిగా తీసేయొచ్చు అనుకున్నవాళ్లకు కూడా నిరాశే. చాలా పరికరాల్లో ఫర్మ్‌వేర్ (పరికరం లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లకి, గోడ మీది స్విచ్ నొక్కి వదిలే బెల్ టైపుదా మామూలుదా అని చెప్పడానికి అది ఫోన్‌లో ఉండాల్సిందే.

ఫ్యాన్లు మన ఇళ్లలో అన్నిటికన్నా ఎక్కువ వాడేవి, వీటి విషయంలోనే మ్యాటర్ మనకు తక్కువ ఉపయోగపడుతోంది. స్టాండర్డులో ఫ్యాన్ ఉంది. బజారులో ఉన్న బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో నడిచే మోటారున్న) ఫ్యాన్లలో చాలావాటికి మాత్రం ఇంకా రిమోటే. వాటిని మాడ్యూలుతో ఆన్, ఆఫ్ చేయొచ్చు, వేగం మార్చలేం. వేగం తగ్గిద్దామని బీఎల్‌డీసీ ఫ్యాన్‌కి డిమ్మర్ మాడ్యూలు పెట్టకండి, దాని లోపలి సర్క్యూట్ పాడవుతుంది.

కెమెరాలు మ్యాటర్‌లోకి 2025 నవంబరులో 1.5 వెర్షన్‌తో వచ్చాయి. కెమెరా కొనాల్సినవాళ్లు ఇప్పుడున్నవాటిలో మంచిది చూసి కొనుక్కోవడమే మేలు, దీని కోసం ఆగక్కర్లేదు. తాళాల జోలికి నేను పోలేదు. ఇంటి తలుపు విషయంలో అమ్మకి ఇనుప గొళ్లెం మీద ఉన్న నమ్మకం ఇంకే యాప్ మీదా లేదు, నాకూ పెద్దగా లేదు.

ఏసీలకు 2023 అక్టోబరులోనే 1.2 వెర్షన్‌లో చోటిచ్చారు. మాది అంతకు ముందు కొన్నది. ఐఆర్ బ్లాస్టర్ (రిమోట్‌లా సిగ్నల్ పంపే చిన్న పరికరం) పెట్టి నడుపుతున్నాం, నెలకోసారి మాట వినదు. కంప్రెసర్ బాగున్నంతకాలం మార్చే ఉద్దేశం లేదు.