మా బస్తీలో లా కాలేజీ నడిపే న్యాయ సహాయ కేంద్రం: ఏడాది అనుభవం

సికింద్రాబాద్‌లోని మా బస్తీ కమ్యూనిటీ హాలులో ప్రతి శనివారం సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు ఒక లా కాలేజీ వారు ఉచిత న్యాయ సహాయ కేంద్రం నడుపుతున్నారు. చివరి సంవత్సరం విద్యార్థులు ఐదారుగురు, వారితో పాటు పాఠాలు చెప్పే మేడమ్ ఒకరు వస్తారు. ప్రతి లా కాలేజీ ఇలాంటి కేంద్రాన్ని నడపాలని న్యాయవిద్యను పర్యవేక్షించే బార్ కౌన్సిల్ 2008 నిబంధనల్లోనే ఉంది కాబట్టి, వీరు కూడా మార్కుల కోసమే వస్తున్నారేమోనన్న అనుమానంతో నేను మొదటిసారి వెళ్లాను. ఏడాది తిరిగేసరికి ఆ అనుమానం పోయింది. రెండు ఫిర్యాదులు మాత్రం మిగిలాయి.

మేము ఖాళీ చేసిన ఇంటి యజమాని 30 వేల రూపాయల అడ్వాన్సు తిరిగి ఇవ్వకుండా ఏడు నెలలు తిప్పించుకున్నారు. కోర్టుకు వెళితే అంతకు మించి ఖర్చవుతుందని అందరూ చెప్పడంతో ఆ డబ్బుపై ఆశ వదులుకున్నాము. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుందని, కేసు వేయకముందే ఇరుపక్షాల రాజీతో వివాదం తేల్చే లోక్ అదాలత్‌కు అర్జీ పెట్టుకోవచ్చని, దానికి కోర్టు ఫీజు ఉండదని ఆ పిల్లలు చెప్పేవరకు నాకు తెలియదు. బడిలో సాంఘిక శాస్త్రం బోధించే నాకే ఈ సంగతి తెలియకపోవడం బాధ కలిగించింది.

విద్యార్థులకు కోర్టులో వాదించే హక్కు లేదు. ఆ మాట వారే ముందుగా చెప్పారు. అద్దె అగ్రిమెంటు, అడ్వాన్సు పంపిన బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి అర్జీ రాసి, లోక్ అదాలత్ నిర్వహించే న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి నాతో పాటు వచ్చారు. రెండో వాయిదాలో యజమాని సున్నాల ఖర్చు పోగా 26 వేలు ఇస్తానని ఒప్పుకున్నారు. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ ఇచ్చే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు. అందుకే సంతకం పెట్టే ముందు మేడమ్ నన్ను పక్కకు పిలిచి, ఆ నాలుగు వేలు వదులుకోవడం నాకు నిజంగా సమ్మతమేనా అని రెండుసార్లు అడిగారు. డబ్బు చేతికి వచ్చినప్పటి కన్నా ఆ ప్రశ్న అడిగినప్పుడే నాకు ఈ కేంద్రంపై గౌరవం ఎక్కువగా కలిగింది.

మా వీధిలోని ఒక పెద్దమ్మకు వితంతు పింఛను మంజూరు కాకపోతే, కారణం తెలుసుకోవడానికి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసిపెట్టారు. తెల్ల రేషన్ కార్డు జిరాక్సు జతచేయడంతో పది రూపాయల ఫీజు కూడా కట్టవలసిన అవసరం రాలేదు. రాసిన అమ్మాయి కాగితం మొత్తం మెల్లగా చదివి వినిపించింది. "నేను చెప్పిందే రాసినవా బిడ్డా?" అని పెద్దమ్మ అడిగితే, మళ్లీ మొదటి నుంచి చదివి, ఆమె తల ఊపిన తరువాతే వేలిముద్ర వేయించింది. రెండో ప్రతిపై కార్యాలయం ముద్ర వేయించి ఆమె చేతికే ఇచ్చారు.

చివరికి ఆ ముద్ర ఉన్న కాగితమే ఆమెను కాపాడింది. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే, ఆ గడువు ముగిసిన తరువాత మరో ముప్పై రోజుల్లోగా మొదటి అప్పీలు వేయాలి. సరిగ్గా ఆ సమయంలోనే సెమిస్టరు పరీక్షలు వచ్చాయి. వరుసగా ఐదు శనివారాలు హాలుకు తాళం ఉంది, తలుపు మీద చిన్న చీటీ కూడా లేదు. తరువాత వచ్చిన కొత్త బృందానికి ఈ విషయం ఏమీ తెలియదు. ఫైలు పాత విద్యార్థి హాస్టల్ గదిలో ఉండిపోయింది. పెద్దమ్మ తన బాధంతా మొదటి నుంచి మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది. చివరికి ఆమె దగ్గరున్న ముద్ర కాగితం ఆధారంగానే గడువుకు మూడు రోజుల ముందు అప్పీలు వేయగలిగారు. ఆధార్ సంఖ్యలో ఒక అంకె తప్పుగా నమోదైందని అప్పుడు తెలిసింది. సరిచేసిన తరువాత నెలకు 2,016 రూపాయల పింఛను వస్తోంది. అయినా ఆ మూడు రోజులు కూడా దాటిపోయి ఉంటే ఎలా అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. చదువుకునే పిల్లలకు పరీక్షలు ఉంటాయి, అది తప్పు కాదు. కానీ మనుషుల గడువులు సెమిస్టరును బట్టి ఆగవు కాబట్టి ఆ నెలలో కేంద్రాన్ని తెరిచి ఉంచే బాధ్యత అధ్యాపకులు తీసుకోవాలి.

ఈ మాటే మేడమ్‌తో చెప్పినప్పుడు ఆమె నొచ్చుకోలేదు. మరుసటి వారమే హాలు బీరువాలో ఒక రిజిస్టరు పెట్టించి, ప్రతి విషయానికి వరుస సంఖ్య, తదుపరి గడువు తేదీ రాయించడం మొదలుపెట్టారు. వేళల మార్పు మాత్రం ఇంకా జరగలేదు. ఇళ్లలో పనికి వెళ్లే మహిళలు తిరిగి వచ్చేసరికి ఏడవుతుంది, వారికే ఈ సహాయం ఎక్కువ అవసరం. ఈ రెండు కారణాల వల్ల ఐదుకు నాలుగు ఇస్తున్నాను.

వెళ్లేవారు అసలు కాగితాలు ఎవరికీ ఇవ్వకుండా జిరాక్సులే ఇవ్వండి. రిజిస్టరులోని మీ వరుస సంఖ్యను, గడువు తేదీని మీ కాగితం వెనుక రాయించుకుని రండి.