మొక్కతో పాటు వచ్చిన మట్టి: ఏడేళ్ల ఇచ్చిపుచ్చుకోవడాల తర్వాత

మొక్కలు ఇచ్చిపుచ్చుకోవడం మొదలుపెట్టి ఈ వానాకాలానికి నాకు ఏడేళ్లు. కొమ్మ ఎలా కత్తిరించాలి, విత్తనాలు ఎందులో దాచాలి లాంటివి మిద్దెతోట ఉన్న ప్రతి ఇంట్లో తెలిసినవే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది మట్టి గురించి. ఎవరైనా మొక్క ఇస్తే వేళ్లను పట్టుకుని పిడికెడు మట్టి వస్తుంది కదా, ఆ మట్టి గురించి. నా తోటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పువ్వు నేను అడిగి తెచ్చుకున్నది కాదు, ఆ పిడికెడులో వచ్చిందే.

మేముండేది హైదరాబాద్‌లో, ఎల్బీనగర్ దాటాక, అద్దె ఇంట్లో. బరువులు పెట్టొద్దన్న షరతు మీద ఓనర్ టెర్రస్ ఇచ్చారు. మా గ్రూపు వాళ్లం నెలకోసారి ఆదివారం పార్కులో కలుస్తాం. 2021 జూన్‌లో ఒక అక్క వికారాబాద్ దగ్గరి వాళ్ల ఊరి నుంచి పారిజాతం మొక్కలు తెచ్చింది. నేను జాజి అంటు ఇచ్చి ఒకటి తీసుకున్నాను. పాల ప్యాకెట్ కవర్లో మూరెడు మొక్క, అడుగున ఎర్రమట్టి ముద్ద. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన మన తేలిక మట్టికి అలవాటు పడిన చేతికి అది ఇటుకలా తగిలింది. దులిపేద్దామనుకున్నాను కానీ వేళ్లు తెగుతాయేమోనని అలాగే తొట్టిలో దించాను.

నాలుగు వానలు పడ్డాక మొక్క మొదట్లో కలుపు లేచింది. గరిక పీకాను. ఇంకేదో గడ్డి పీకాను. సన్నగా నేల మీదే పాకుతున్న మూడోదాని మీద చెయ్యి వేశానో లేదో, వెనక బట్టలు ఆరేస్తున్న అత్తమ్మ అరిచింది.

"గది పీకకు బిడ్డా! ఇష్ణుకాంత గది. మా చెల్క గట్ల పొంటి మస్తుగ ఉంటుండె."

విష్ణుక్రాంతం అన్నమాట. చెల్క అంటే ఎర్రనేల మెట్ట పొలం. వంగి చూస్తే చిన్న చిన్న ఆకులు, వాటి మీద వెండి రంగు నూగు. వారం పది రోజులకు ఒక ఉదయం పువ్వు విచ్చింది. చొక్కా గుండీ కంటే చిన్నది, నీలం, మధ్యలో చుక్కంత తెలుపు. మా ఆయనకు చూపిద్దామని మధ్యాహ్నం పైకి తీసుకెళ్తే అప్పటికే ముడుచుకుపోయింది. మర్నాడు ఆఫీసుకు లేటయినా సరేనని పొద్దున్నే లాక్కెళ్లి చూపించాను.

ఇంత సంబరం దేనికంటే, విష్ణుక్రాంతం కోసం అంతకు ముందు రెండేళ్లుగా తిరుగుతున్నాను. నర్సరీలో అడిగితే ఒకచోట శంఖుపూల తీగ చేతిలో పెట్టారు. ఆ పేరుతో దాన్నీ పిలుస్తారు, కాదనను. ఇంకోచోట వేలాడే కుండీల్లో పెంచే పెద్ద నీలి పూల మొక్క ఇచ్చారు. అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దూరపు చుట్టం. అందమైనదే, కానీ చెల్క గట్టుది కాదు. చవితికి బజార్లో అమ్మే పత్రి కట్టలో అయితే ఏ ఆకు ఏదో అమ్మేవాళ్లకే తెలియదు. ఆ ఏడాది వినాయక చవితికి మా ఇంట్లో "విష్ణుక్రాంత పత్రం పూజయామి" అన్నప్పుడు నిజంగా విష్ణుక్రాంతమే పెట్టాం. అత్తమ్మ ఒక్క రెమ్మే తుంచనిచ్చింది.

తర్వాతి రెండేళ్లు ఆ మొక్కే నా బ్యాంకు. ఎండిన కాయల్లోంచి విత్తనాలు ఏరి ఇస్తే బదులుగా చేమంతి పిలకలు, మరువం, లిల్లీ దుంపలు, గునుగు విత్తనాలు వచ్చాయి. మొక్క ఇచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పేదాన్ని: "మట్టి దులపకండి, అలాగే ఇవ్వండి, మొక్కకు షాక్ తగలదు." గ్రూపులో కొందరు నన్ను మట్టి అక్క అనేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే మట్టితో సహా ఇచ్చిపుచ్చుకునే ఈ పద్ధతికి కళ్లు మూసుకుని అయిదు స్టార్లు ఇచ్చేదాన్ని.

2023 చలికాలంలో టమాటా, వంగ మొక్కలు మధ్యాహ్నమయ్యేసరికి తలలు వాల్చడం మొదలుపెట్టాయి. సాయంత్రానికి మళ్లీ లేచేవి. నీళ్లు చాలడం లేదనుకుని రెండు పూటలా పోశాను. వర్మీకంపోస్ట్ వేశాను. ఆకులు పసుపుబారాయే తప్ప మొక్క జానెడు కూడా ఎదగలేదు. విసుగొచ్చి ఒక వంగ మొక్కను పీకితే వేళ్ల నిండా బుడిపెలు, అల్లం కొమ్ముల్లా.

మొదట మంచివే అనుకున్నాను. బొబ్బర్ల వేళ్లకూ బుడిపెలు ఉంటాయి కదా. కానీ బొబ్బర్లవి వేరుకు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గీరితే రాలిపోతాయి, చిదిపితే లోపల గులాబీ రంగు. ఇవి రాలలేదు. వేరే ఉబ్బిపోయింది. మట్టిలో ఉండే నులిపురుగులు (నెమటోడ్లు) చేసిన పని. కంటికి కనిపించవు, వేళ్లలో దూరి అక్కడే గుడ్లు పెడతాయి.

ఎక్కడి నుంచి వచ్చాయా అని వెనక్కి లెక్కేసుకుంటే ఒక కనకాంబరం దగ్గర తేలింది. అంతకు ముందు ఏడాది మట్టితో సహా, నేనే అడిగి మరీ తెచ్చుకున్న దుబ్బు. కనకాంబరానికి ఈ నులిపురుగుల బెడద ఎక్కువని తర్వాత తెలిసింది. పూలు తగ్గాక ఆ మొక్క తీసేసి, మంచి మట్టి వృథా ఎందుకని కూరగాయల టబ్బులన్నిటిలో తలా కొంచెం కలిపాను. ఎవరో వచ్చి చేసిన పని కాదు, నా చేతులతో నేనే పంచాను.

అంతటితో పోలేదు. ఆ మట్టిలోనే పెంచిన వంగ నారు నలుగురికి ఇచ్చి ఉన్నాను. ఫిబ్రవరిలో వాళ్లలో ఒకమ్మాయి ఫొటో పంపింది, వేళ్లు అరచేతిలో పరిచి. "అక్కా, ఇదేంటో మీకు తెలుసా?" తెలుసు. జవాబు రాయడానికి మాత్రం నాకు ఒక రోజు పట్టింది. ఆమె ఏమీ అనలేదు. నిజానికి ఆమె తిట్టి ఉంటే నాకు టెన్షన్ తగ్గేది.

2024 మేలో ఆ టబ్బుల మట్టంతా టెర్రస్ మీద పరిచి, తడిపి, పైన పారదర్శకమైన పాలిథిన్ షీటు కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టి అయిదు వారాలు ఎండబెట్టాను. ఇంట్లో నల్ల షీటు ఉంది కానీ మట్టి బాగా ఉడకాలంటే ఎండ నేరుగా లోపలికి దిగే షీటే కావాలి. తర్వాత వేపపిండి కలిపి, ఒక పంటకాలం మొత్తం బంతి తప్ప ఇంకేమీ వేయలేదు. బంతి వేళ్లు ఈ నులిపురుగుల్ని అణుస్తాయి. ఇప్పుడు వంగ కాస్తోంది, మునుపటంత కాదు. పూర్తిగా పోయాయని చెప్పే ధైర్యం లేదు. పారిజాతం తొట్టిని మాత్రం ముట్టుకోలేదు. అది ఎండబెడితే విష్ణుక్రాంతం విత్తనాలూ ఉడికిపోతాయి.

అప్పటి నుంచి ఎవరేమిచ్చినా బకెట్లో వేళ్లు కడిగి, తడి పేపర్లో చుట్టి తెచ్చుకుంటున్నాను, అలాగే ఇస్తున్నాను. చేమంతి, మరువం తట్టుకుంటాయి. తల్లివేరు లోతుకు పోయే తంగేడు తట్టుకోదు, రెండు చంపాక మానేశాను. అసలు అడవి పూల మొక్కల్ని తవ్వి తేవడమే తప్పు, విత్తనమే మేలు. తంగేడు గింజల్ని వేడి నీళ్లలో రాత్రంతా ఉంచితే మొలుస్తాయి. గునుగూ తుమ్మీ అయితే ఎండిన వెన్నులు దులిపితే చాలు. ఒక అడవి దుంప మాత్రం ఎవరైనా ఉచితంగా ఇచ్చినా నేను తీసుకోను. అడవినాభి పువ్వు మంట రేగినట్టు ఎంత బాగున్నా, దుంప విషం, చూస్తే చిలగడదుంపలా ఉంటుంది, మా ఇంట్లో అయిదేళ్ల పిల్ల ఉంది.

మరి మట్టితో తీసుకోవాలా వద్దా అంటే, నాలా ఇంటికి సరిపడా కూరగాయలు పండించుకునేవాళ్లు వద్దనే అంటాను. ఒట్టి పూల మొక్కలు, అవీ దేని కుండీ దానికే, పాత మట్టి కలిపే అలవాటు లేదు అనేవాళ్ల సంగతి వేరు. చెల్క మట్టి మంచిది, సిటీ మట్టి చెడ్డది అనడానికీ లేదు, వికారాబాద్ మట్టి నాకు కలిసొచ్చిందంతే. కడగడం మొదలుపెట్టాక కొత్తగా ఒక్క జబ్బూ రాలేదు. ఈ రెండేళ్లలో అడగని మొక్క ఒక్కటీ మొలవలేదు కూడా. అత్తమ్మకు పైన పని తగ్గిపోయింది. ఊరికే వచ్చి కాసేపు నిలబడి దిగిపోతోంది.

పోయిన నెల ఆ అక్కే మళ్లీ ఊరి నుంచి మొక్క తెచ్చింది, అదే ఎర్రమట్టితో. బకెట్ దాకా తీసుకెళ్లి ఆగిపోయాను. వాటర్ ట్యాంకు పక్కన, మిగతా వాటికి దూరంగా, కింద కారిన నీళ్లు పక్కకు పోకుండా ప్లేటు పెట్టి కడగకుండానే నాటాను. ఇప్పటికి నాలుగు మొలకలు లేచాయి. మూడు గడ్డివేనని అత్తమ్మ తేల్చేసింది. నాలుగోది ఆమెకూ తెలియదట.